బేవుల్ఫ్ చదువుదాం – 6వ పాఠం: గ్రెండెల్ కట్టని బాకీ

పోయిన పాఠంలో పాత ఇంగ్లీషు కావ్యం ‘బేవుల్ఫ్’ నుంచి, డేన్లను (డెన్మార్క్ జనాన్ని) చంపి తినే రాక్షసుడు గ్రెండెల్ గురించిన 154 నుంచి 158 దాకా ఐదు పాదాలు ఇచ్చి అర్థం రాయమన్నాను. ఈసారి ముందుకు వెళ్దామనుకున్నాను గానీ, మీ జవాబులు చదివాక ఇక్కడే ఇంకొన్నాళ్ళు ఆగాలనిపించింది. చాలామంది ‘గ్రెండెల్ దగ్గర పడవ దొరుకుతుందని పెద్దలెవరూ ఆశపడలేదు’ అని రాశారు. ఆ పాదాల్లోని ఒక మాటను ‘బోట్’ అని తెలుగులో రాసింది నేనే, కాబట్టి ఆ ముడి నేనే విప్పాలి.

పాత ఇంగ్లీషులో పడవ అంటే ‘బాట్’. 1900వ పాదంలో కథానాయకుడు బేవుల్ఫ్ తన పడవను కాపలా కాసినవాడికి బంగారం చుట్టిన కత్తి ఇస్తాడు, అక్కడున్నది ఆ మాట. ‘బోట్’ వేరు. చేసిన నష్టానికి కట్టే పరిహారం అది. ‘ఫేఓ’ అంటే సొమ్ము. ‘థింగియన్’ చూడగానే ‘థింగ్’ గుర్తొచ్చి ‘వస్తువు’ అని రాశారు కొందరు. అది రాజీ కుదుర్చుకోవడం. ‘బానా’ అంటే చంపినవాడు. ఈ కావ్యంలో ఇప్పటి ఇంగ్లీషులా కనిపించే మాట ఎదురైతే ముందు దాన్నే అనుమానించండి. తెలియని మాటకు నిఘంటువు తీస్తాం, తెలిసినట్టున్న మాటకు తీయం. తప్పులన్నీ అక్కడే దొర్లుతున్నాయి.

ఇప్పుడు ఆ ఐదు పాదాలు మళ్ళీ చదవండి: డేన్లలో ఏ ఒక్కరితోనూ వాడు సంధి కోరలేదు, చంపడం మానలేదు, సొమ్ము కట్టి రాజీపడలేదు. ఆ హంతకుడి చేతుల నుంచి మెరిసే పరిహారం అందుతుందని పెద్దల్లో ఎవరికీ ఆశ లేదు.

రాక్షసుడి గురించి చెబుతూ కవి వాడిన మాటలన్నీ పంచాయతీ మాటలే. ఆ సమాజంలో మనిషిని చంపితే అతని ప్రాణానికి వెల కట్టి బంధువులకు ఇచ్చేవారు. దాన్ని ‘వెర్‌గిల్డ్’ అంటారు. అప్పటి ఇంగ్లండులోని వెసెక్స్ రాజ్యంలో మామూలు స్వతంత్రుడికి 200 షిల్లింగులు, రాజు కొలువులోని థెయ్న్‌కు 1200. ఏడో శతాబ్దం మొదట్లో కెంట్ రాజు ఎథెల్‌బెర్ట్ చేసిన చట్టంలో బొటనవేలు తెగితే 20 షిల్లింగులు, దాని గోరు ఊడితే 3. గోరుకు కూడా లెక్క ఉన్న చోట గ్రెండెల్ పన్నెండేళ్ళు మనుషుల్ని తిన్నాడు, ఒక్క పైసా కట్టలేదు. నా దృష్టిలో వాడి ఆకారం కంటే భయంకరమైన సంగతి ఇదే.

నేను ఎప్పుడూ చేసే పని ఒకటి చెబుతాను. అర్థం జోలికి పోకముందే ఇచ్చిపుచ్చుకోవడాల మాటలన్నిటి చుట్టూ పెన్సిల్‌తో గీస్తాను. వంశావళి భాగాలు మొదటిసారి వదిలేస్తాను, మీరూ వదిలేయండి. అలా గీస్తే 470వ పాదం దగ్గర పెన్సిల్ తప్పకుండా ఆగుతుంది. బేవుల్ఫ్ తండ్రి ఎజ్‌థెయో విల్ఫింగులనే తెగ మనిషిని ఒకణ్ణి చంపి డేన్ల దగ్గరికి పారిపోయి వస్తాడు. ‘ఆ పగను నేను సొమ్ముతో తీర్చాను’ అంటాడు డేన్ల రాజు హ్రోత్‌గార్. 156లో గ్రెండెల్ చేయలేదన్న పనికి వాడిన అవే రెండు మాటలు ఇక్కడ మళ్ళీ వచ్చాయి. సముద్రం మీదుగా పాత నిధులు పంపాడు, ఎజ్‌థెయో ప్రమాణాలు చేశాడు, గొడవ ముగిసింది.

ఇంకొకటి చూపించాలి. 158లో పరిహారం ఆశించలేని ‘చేతులు’ అన్నచోట మాట ‘ఫోల్మ్’. 970లో, బేవుల్ఫ్‌తో పెనుగులాడి ఓడిన గ్రెండెల్ ప్రాణం దక్కించుకోవడానికి వదిలి పారిపోయింది కూడా ‘ఫోల్మ్’, భుజంతో సహా. ఆ చెయ్యి హ్రోత్‌గార్ మందిరం కప్పు కింద వేలాడుతుంటే జనం దాని గోళ్ళు చూస్తారు, ఒక్కోటి ఉక్కులా ఉంటుంది. సొమ్ము ఇవ్వని చెయ్యే చివరికి జమ అయింది. ఇది నేను చదివిన తీరు, కానీ మాట మాత్రం కవిదే.

గ్రెండెల్ తల్లి సంగతి కొంచెమే. ఆ గాయంతో కొడుకు చచ్చాక ఆమె వచ్చి ఒక్కణ్ణే, రాజుకు ప్రాణంలాంటి ఆష్‌హెరెను, చంపి కొడుకు చేతిని తీసుకుపోతుంది. ఒక ప్రాణానికి ఒక ప్రాణం. కొడుక్కి పట్టని లెక్క తల్లికి తెలుసు. ఇరువైపులా ఆప్తుల ప్రాణాలతో చెల్లించాల్సిన ఆ బేరం మంచిది కాదంటాడు కవి.

అభ్యాసం ఒకటే, కానీ కష్టమైనది. వారం రోజులు తీసుకోండి. 2435 నుంచి 2471 దాకా చదవండి. బేవుల్ఫ్ తాత హ్రేథెల్ రాజు కొడుకు ఒకడు గురితప్పిన బాణంతో సొంత అన్నను చంపుతాడు. 2441లో దాన్ని ‘ఫేఓహ్‌లేయస్’ అంటాడు బేవుల్ఫ్, అంటే సొమ్ముతో తీరనిది. ఇక్కడ పరిహారం కట్టాల్సింది ఎవరు, పుచ్చుకోవాల్సింది ఎవరు? ‘విధి’ అన్న మాట వాడకుండా, పాదాల సంఖ్యలు చూపిస్తూ పది వాక్యాల్లో రాయండి.