తల ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన మనిషిని చూసుకోవడం ఎలా?

రోడ్డు ప్రమాదంలో తలకు బలమైన దెబ్బ తగిలి, మెదడు వాపు వల్ల ఒత్తిడి పెరిగినప్పుడు పుర్రె ఎముకలో కొంత భాగాన్ని తీసి ఆపరేషన్ చేస్తారు. అలాంటి రోగిని ఇంటికి తెచ్చుకునే ముందు, ఆ ఎముకను తిరిగి పెట్టారా లేదా అని వైద్యుణ్ణి తప్పక అడగాలి. పెట్టకపోతే దానిని రోగి పొట్ట చర్మం కింద గాని, ఆసుపత్రిలో అతిశీతల పెట్టెలో గాని భద్రపరుస్తారు. ఎక్కడ ఉంచారో డిశ్చార్జి కాగితంలో రాయించుకోవాలి. వాపు తగ్గి గాయం మానాక, సాధారణంగా కొన్ని నెలలకు, మరో ఆపరేషన్‌తో దానిని గాని, టైటానియం పలక వంటిదాన్ని గాని అమరుస్తారు.

అంతవరకు ఆ చోట మెదడును కాపాడే గట్టి కవచం లేదు. కాబట్టి రోగిని ఆ వైపు ఒత్తిగిలి పడుకోనివ్వకూడదు. నడిపించేటప్పుడు వైద్యుడు చెప్పిన రక్షణ టోపీ పెట్టి, పక్కనే ఒకరుండాలి. పరామర్శకు వచ్చినవాళ్లు ఆప్యాయంగా తల నిమరబోతారు గనుక, ఎముక లేని వైపేదో మంచం దగ్గర పెద్ద అక్షరాలతో రాసి అంటించడం మేలు. దగ్గినప్పుడు ఆ చోటు కొద్దిగా ఉబ్బడం, కూర్చున్నప్పుడు లోపలికి దిగడం మామూలే. కూర్చున్నా పడుకున్నా ఆ చోటు బిర్రుగా ఉబ్బే ఉంటున్నా, రోజురోజుకూ గుంటపడుతూ మాటా నడకా మందగించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మత్తు పెరగడం, ఆగని వాంతులు, ఎక్కువవుతున్న తలనొప్పి, జ్వరం, కుట్ల నుంచి చీము, ముక్కు లేదా చెవి నుంచి నీరులాంటి ద్రవం కారడం, ఒక కంటిపాప పెద్దదవడం కూడా ఆగి చూడదగినవి కావు. "నిద్ర పడితే మంచిదే" అని ఊరుకోకుండా, పిలిస్తే లేస్తున్నాడో లేదో చూడాలి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వల్ల ప్రయోజనం లేదు సరికదా, పళ్లు విరుగుతాయి. ఎముక లేని వైపు కిందికి రాకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎంతసేపు వచ్చిందో గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఫిట్స్ మాత్రలను బాగుందనిపించి సొంతంగా ఆపకూడదు.

ఆహారం పోయడానికి ముక్కుగొట్టం ఉంటే, తల వైపు ఎత్తుగా ఉంచి పోసి, తర్వాత కనీసం అరగంట అలాగే ఉంచాలి. మంచం పట్టిన మనిషిని సుమారు రెండు గంటలకోసారి, ఎముక లేని వైపు తల ఆనకుండా, అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాలి.

ఇంటివాళ్లను ఎక్కువగా నొప్పించేది రోగి కోపం. మెదడు ముందు భాగం దెబ్బతింటే, నెమ్మదస్తుడు కూడా బూతులు తిట్టవచ్చు, అడిగిందే అడగవచ్చు. అది గాయం పని, మనసులోని ద్వేషం కాదు. వాదించకుండా టీవీ కట్టేసి, జనాన్ని తగ్గించి, ఒకసారి ఒక్క మాటే చెప్పాలి. ఇలాంటి మార్పులను, ఫిట్స్ వచ్చిన తేదీలను ఒక పుస్తకంలో రాసి వైద్యుడికి చూపాలి. బండి నడపడం, మద్యం గురించి రోగి ఎంత పట్టుబట్టినా, వైద్యుడు సరేననేంతవరకు బండి తాళాలు ఇంటివాళ్ల దగ్గరే ఉండాలి.