స్విమ్‌సూట్ కుట్లు తెగకుండా ఇలా కుట్టాను

వాటర్ ఏరోబిక్స్‌కి నేనే కుట్టుకునే స్విమ్‌సూట్లలో కాళ్ల దగ్గర కుట్లు తెగిపోయేవి. దారం మార్చినా, రెండు వరసలు కుట్టినా, మిషన్‌లో దారం బిగువు (టెన్షన్) తగ్గించినా లాభం లేకపోయింది.

చివరికి పనిచేసింది ఇది. ముందు మామూలు సూది తీసేసి సాగే బట్టల కోసం చేసిన స్ట్రెచ్ సూది (75/11 సైజు) పెట్టాను. ఎలాస్టిక్‌ని కాలి అంచు చుట్టుకొలత కంటే కాస్త తక్కువగా కత్తిరించి, కొసలు కలిపి కుట్టాను. దాన్నీ, బట్ట అంచునీ నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకుని పిన్నులు గుచ్చాను. బట్ట తిరగవైపు ఎలాస్టిక్ పెట్టి, ఎలాస్టిక్‌ని మాత్రమే సాగదీస్తూ జిగ్‌జాగ్ (వంకరటింకర) కుట్టు వేశాను. వెనక వైపు ఎక్కువ లాగాలి, ముందు వైపు దాదాపు లాగకూడదు. నీళ్లలో కాలెత్తినప్పుడు అంచు పైకి జరగకుండా ఆపేది ఇదే. తర్వాత లోపలికి మడిచి, పైనుంచి మళ్లీ జిగ్‌జాగ్.

నేను వాడింది క్లోరిన్‌ని బాగా తట్టుకునే పాలిస్టర్ బట్ట. లైక్రా (బాగా సాగే దారం) ఎక్కువున్న బట్టకి ఇదే సరిపోతుందని చెప్పలేను. ముందు ముక్క మీద కుట్టి, గట్టిగా లాగి చూడండి.