ర్యాక్ సర్వర్ల నిర్వహణ, 4వ భాగం: డిస్క్ పోయిందని అలర్టు వచ్చాక

గత భాగం చివర ఒక పని ఇచ్చాను. సర్వర్ మామూలు లోడులో ఉన్నప్పుడు రెండు పవర్ సప్లైలు కలిపి ఎన్ని వాట్లు లాగుతున్నాయో మేనేజ్‌మెంట్ పేజీలో చూసి రాసుకోమన్నాను. ఆ అంకె ఒక్క సప్లై సామర్థ్యం కంటే తక్కువ ఉండాలి. 750 వాట్ల సప్లైలు రెండు పెట్టి, సర్వర్ 900 వాట్లు లాగుతుంటే, ఒకటి పోయిన రోజు రెండోది ఆ బరువు మొయ్యలేదు. ఇంకా చూడకపోతే ముందు అది చూసి రండి, ఈరోజు నేర్చుకునే పని మధ్యలో కరెంటు పోతే చాలా కష్టం.

ఈ భాగం డిస్క్ మార్చడం గురించి. బటన్ నొక్కి, లివర్ లాగి, పాతది తీసి కొత్తది తోయడమే కదా, సర్వర్ ఆపే అవసరం కూడా లేదు కదా అనిపిస్తుంది. చేతులతో చేసే పని నిజంగానే అంత. అయితే నేను చూసినంతవరకు, డిస్క్ పాడవడం వల్లే డేటా పోయిన సందర్భాలు తక్కువ, పాడైన తర్వాత కంగారులో ఎవరో చేసిన పని వల్ల పోయినవి ఎక్కువ. వాటిలో ఒకటి నేనే చేశాను.

అప్పటికి ఈ పనిలోకి వచ్చి రెండేళ్లు. ఆరు డిస్కులతో రైడ్ 5 (రైడ్ అంటే చాలా డిస్కులని కలిపి ఒకటిగా వాడే పద్ధతి), దాని మీద ఆఫీసుకి కావలసిన వర్చువల్ మెషీన్లన్నీ. మధ్యాహ్నం స్లాట్ 3 ఫెయిల్ అయిందని అలర్టు వచ్చింది. కొత్త డిస్క్ పట్టుకుని సర్వర్ రూముకి పరుగెత్తి, ఎడమ వైపు నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మూడోది లాగేశాను. ఆ సర్వర్‌లో స్లాట్ల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. నేను లాగింది స్లాట్ 2, అది శుభ్రంగా పనిచేస్తున్న డిస్క్. పక్క డిస్క్ మీద నారింజ లైటు మెరుస్తూనే ఉంది, అంకె తెలుసు కదా అని లైటు వైపు చూడనే లేదు. లాగిన క్షణంలో వాల్యూమ్, అంటే ఆ ఆరు డిస్కులు కలిసి ఒక్కటిగా కనిపించే నిల్వ, మొత్తం ఆఫ్‌లైన్ అయిపోయింది. ఆ తర్వాత ఏం చేశానో కింద చెబుతాను, ముందు అలా ఎందుకయిందో అర్థం కావాలి.

రైడ్ 5లో ప్యారిటీ, అంటే పోయిన డేటాని తిరిగి లెక్కకట్టడానికి అదనంగా రాసే బిట్లు, ఎలా పనిచేస్తుందో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. మూడు డిస్కుల్లో ఒకే చోట 1, 0, 1 అనే బిట్లు ఉన్నాయనుకోండి. నాలుగో డిస్క్‌లో కంట్రోలర్ (డిస్కులన్నిటినీ నడిపే కార్డు) ఏం రాస్తుందంటే, మొత్తం ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా చూసి రాస్తుంది. ఇక్కడ ఇప్పటికే రెండు ఒకట్లు ఉన్నాయి కాబట్టి 0 రాస్తుంది. ఇప్పుడు రెండో డిస్క్ పోయింది. మిగిలినవి 1, 1, 0. ఒకట్లు రెండు, అంటే సరిసంఖ్య, కాబట్టి పోయిన బిట్ 0. లెక్క సరిపోయింది. ఇదే లెక్కని ప్రతి బిట్‌కీ చేస్తే పోయిన డిస్క్ మొత్తం తిరిగి వస్తుంది. కానీ రెండు బిట్లు తెలియకపోతే ఈ లెక్కతో ఏమీ తేలదు. అందుకే రైడ్ 5 ఒక్క డిస్క్ పోవడాన్ని తట్టుకుంటుంది, రెండోది పోతే ఆగిపోతుంది. రైడ్ 6లో రెండు రకాల ప్యారిటీ ఉంటుంది కాబట్టి రెండు పోయినా నిలబడుతుంది. రైడ్ 10లో ఒకదానికొకటి నకలుగా ఉండే డిస్కుల జతలు ఉంటాయి, ఒకే జతలో రెండూ పోతేనే ప్రమాదం. ఈ ఆలోచనకి స్థాయిల వారీగా ఒక రూపం ఇచ్చింది 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్. అందులో 1 నుంచి 5 వరకే ఉన్నాయి, 6వ స్థాయి తర్వాత వచ్చింది.

అంటే ఒక డిస్క్ పోయాక రైడ్ 5 వాల్యూమ్‌కి ఇంకే రక్షణా మిగల్లేదు. పైకి అంతా మామూలుగానే నడుస్తుంది, వాడేవాళ్లకి కొంచెం స్లో అయినట్టు అనిపిస్తుందేమో అంతే. ఈ స్థితినే డిగ్రేడెడ్ అంటారు. ఈ స్థితిలో మీరు చేసే ప్రతి పనికీ ముందు ఆగి ఆలోచించాలి.

అలర్టు రాగానే మొదటి పని కుర్చీలోంచి లేవకుండా చేసేది. డెల్ వాళ్ల ఐడ్రాక్ గానీ హెచ్‌పీఈ వాళ్ల ఐఎల్‌ఓ గానీ, ఇవి సర్వర్ మేనేజ్‌మెంట్ పేజీలు, మీ సర్వర్‌లో ఏది ఉంటే అది తెరిచి, కంట్రోలర్ లాగ్ చదవండి. ఏ స్లాట్, ఏ సీరియల్ నంబరు, ఏ సమయంలో, ఏ కారణంతో పోయింది, మిగిలిన డిస్కుల పరిస్థితి ఏమిటి, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. మిగిలిన డిస్కుల సంగతి చాలామంది చూడరు. వాటిలో ఇంకొకటి ప్రెడిక్టివ్ ఫెయిల్యూర్ (త్వరలో పోవచ్చనే హెచ్చరిక) చూపిస్తున్నా, మీడియా ఎర్రర్ల లెక్క పెరుగుతున్నా కథ మారిపోతుంది. సాటా రకం డిస్కులైతే స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే) వివరాల్లో 5, 197, 198 నంబర్ల విలువలు చూడండి. 5 అంటే చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న ముక్కలు), 197 అంటే చదవడం కుదరక తేల్చకుండా ఉన్నవి, 198 అంటే సరిచేయలేనివి. 197 సున్నా కాకపోతే నాకు టెన్షనే.

రెండో పని బ్యాకప్. చివరి బ్యాకప్ ఎప్పుడు పూర్తయిందో చూడండి. హాట్ స్పేర్ (ముందే పెట్టి ఉంచిన ఖాళీ డిస్క్) ఉంటే రీబిల్డ్, అంటే పోయిన డిస్క్ డేటాని కొత్తదాని మీద తిరిగి కట్టడం, దానంతట అదే మొదలైపోతుంది, మీ చేతిలో ఉండదు. స్పేర్ లేకపోతే మాత్రం కొత్త డిస్క్ పెట్టకముందే ముఖ్యమైన డేటాకి తాజా బ్యాకప్ తీయమని నేను గట్టిగా చెబుతాను. ముందు రీబిల్డ్, తర్వాతే బ్యాకప్ అని వాదించే సీనియర్లు ఉన్నారు, డిగ్రేడెడ్‌లో ఎంత తక్కువ సేపు ఉంటే అంత మంచిదని వాళ్ల లెక్క. ఆ మాటలో బలం ఉంది. కానీ బ్యాకప్ వాడుకలో ఉన్న డేటాని మాత్రమే చదువుతుంది, రీబిల్డ్ మిగిలిన డిస్కులన్నిటినీ మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా చదువుతుంది. ఇంకో డిస్క్ బలహీనంగా ఉంటే అది బయటపడేది సరిగ్గా ఆ చదువులోనే.

దీన్ని అంకెల్లో చూడండి. 4 టీబీ డిస్కులు ఆరు ఉన్న రైడ్ 5లో ఒకటి పోతే, రీబిల్డ్ కోసం మిగిలిన ఐదూ కలిపి 20 టీబీ చదవాలి. మామూలు డెస్క్‌టాప్ డిస్కులకి తయారీదారులు చెప్పే హద్దు 10 ఘాతం 14 బిట్లకి ఒక చదవలేని సెక్టార్, అంటే దాదాపు 12.5 టీబీకి ఒకటి. ఎంటర్‌ప్రైజ్ డిస్కులకి ఇది 10 ఘాతం 15, అంటే 125 టీబీ. చాలా డిస్కులు ఈ హద్దు కంటే మెరుగ్గానే పనిచేస్తాయి, అయినా డెస్క్‌టాప్ డిస్కులతో పెద్ద రైడ్ 5 కట్టొద్దని నేను ఎందుకు పట్టుబడతానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. సమయం సంగతీ చూడండి. 8 టీబీ డిస్క్‌ని సెకనుకి 100 ఎంబీ వేగంతో నింపితే 80,000 సెకన్లు, అంటే 22 గంటల పైమాట, అదీ వేరే పనేదీ లేకుండా.

ఇక డిస్క్‌ని గుర్తుపట్టడం. ఈ భాగంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్నే గుర్తుంచుకోండి. అంకెని నమ్మి లాగొద్దు. స్లాట్ల వరుస కొన్ని మోడళ్లలో అడ్డంగా వెళ్తుంది, కొన్నిటిలో పై నుంచి కిందికి నిలువుగా వెళ్లి పక్క వరుసలోకి మారుతుంది. మేనేజ్‌మెంట్ పేజీలో గానీ స్టోర్‌సీఎల్‌ఐ లాంటి కమాండ్ టూల్‌లో గానీ లొకేట్ అనే సౌకర్యం ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే ఆ డిస్క్ లైటు మెరుస్తుంది. ర్యాక్ దగ్గరికి వెళ్లి చూడండి. తర్వాత వెనక్కి వచ్చి లొకేట్ ఆఫ్ చేసి, మీరు చూసిన డిస్క్ మీదే మెరవడం ఆగిందో లేదో ఇంకోసారి చూడండి. ఇద్దరుంటే ఒకరు స్క్రీన్ దగ్గర, ఒకరు ర్యాక్ దగ్గర ఉండి ఫోన్‌లో చెప్పుకోండి. హెచ్‌పీఈ స్మార్ట్ క్యారియర్లలో తీయొద్దు అనే అర్థంతో తెల్లటి లైటు ఒకటి ఉంటుంది, అది వెలుగుతుంటే ఆ డిస్క్ తీస్తే వాల్యూమ్ పోతుందని అర్థం. డెల్ పవర్‌ఎడ్జ్‌లో నారింజ రంగు వేగంగా మెరిస్తే ఫెయిల్ అయినట్టు, ఆకుపచ్చ నెమ్మదిగా మెరిస్తే రీబిల్డ్ నడుస్తున్నట్టు. మీ మోడల్ మాన్యువల్‌లో ఈ లైట్ల పట్టిక ఉన్న పేజీని ప్రింట్ తీసి ర్యాక్ తలుపు లోపల అతికించండి, అర్ధరాత్రి పూట ఆ కాగితం చాలా పనికొస్తుంది.

తీసేటప్పుడు లివర్ తెరిచి అంగుళం మేర బయటికి లాగి అర నిమిషం ఆగండి. తిరిగే డిస్క్ అయితే లోపలి పళ్లాలు ఆగాలి కదా, తిరుగుతుండగా చేతిలో వంచితే దాని మీదున్న చివరి ఆశ కూడా పోతుంది. బయటికి వచ్చాక సీరియల్ నంబరుని మీ కాగితంతో పోల్చండి. తేడా ఉంటే కొత్తది పెట్టకండి, అక్కడే ఆగిపోండి.

కొత్త డిస్క్ సామర్థ్యం పాతదానికి సమానంగా లేదా ఎక్కువ ఉండాలి, డిస్క్ కలిసే పద్ధతీ ఒకటే కావాలి, శాస్ స్థానంలో శాస్, సాటా స్థానంలో సాటా, ఎస్‌ఎస్‌డీ స్థానంలో ఎస్‌ఎస్‌డీ. సెక్టార్ సైజు కూడా ఒకటే ఉండాలి. వేరే సర్వర్‌లో వాడిన డిస్క్ పెడితే కంట్రోలర్ దాన్ని ఫారిన్ అని చూపిస్తుంది. ఇక్కడ రెండు బటన్లు కనిపిస్తాయి, ఇంపోర్ట్, క్లియర్. బయటి నుంచి తెచ్చిన డిస్క్ అయితే, అందులో అవసరమైనదేదీ లేదని తేల్చుకున్నాక క్లియర్. మీ వాల్యూమ్‌కి చెందిన డిస్కులే కరెంటు పోయి వచ్చాకో, కేబుల్ కదిలాకో ఫారిన్ అని కనిపిస్తే మాత్రం క్లియర్ నొక్కారో, మీ వాల్యూమ్ వివరాలు మీ చేత్తోనే చెరిపేసినట్టు. అక్కడ చేయాల్సింది ఇంపోర్ట్.

రీబిల్డ్ మొదలయ్యాక చాలా కంట్రోలర్లలో రీబిల్డ్ రేటు 30 శాతం దగ్గర ఉంటుంది. రాత్రి వాడకం తగ్గాక పెంచుకోవచ్చు. ఆ గంటల్లో ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు, రీబూట్లు, పెద్ద ఫైళ్ల కాపీలు ఏవీ వద్దు.

ఇంకో మాట, ఒకే రోజు కొన్న డిస్కులు ఒకే వయసువి. 2019లో హెచ్‌పీఈ తన కొన్ని శాస్ ఎస్‌ఎస్‌డీల గురించి హెచ్చరిక ఇచ్చింది, ఫర్మ్‌వేర్ లోపం వల్ల సరిగ్గా 32,768 గంటలు పనిచేశాక అవి ఆగిపోతాయని, డేటా తిరిగి రాదని, అంతకుముందే ఫర్మ్‌వేర్ మార్చమని. అన్నీ ఒకేసారి ఆన్ చేసి ఉంటే అన్నీ దాదాపు ఒకేసారి పోతాయి, రైడ్ ఏ స్థాయిదైనా ఏం లాభం? కాబట్టి డిస్క్ ఫర్మ్‌వేర్ వెర్షన్ని కూడా మీ రికార్డులో రాసుకోండి.

ఇప్పుడు నా సంగతి. వాల్యూమ్ ఆఫ్‌లైన్ అయ్యాక నేను అదృష్టవశాత్తు చేసిన మంచి పని ఏమిటంటే, చేతులు వణుకుతున్నా ఇంకే బటనూ నొక్కకుండా సీనియర్‌కి ఫోన్ చేశాను. ఆయన వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దన్నారు. కొత్త వాల్యూమ్ కట్టడం, ఇనిషియలైజ్ చేయడం లాంటివి ఆ స్థితిలో చేస్తే తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది. ఆయన వచ్చి, లాగిన డిస్క్‌ని అదే స్లాట్‌లో పెట్టించి, ఫారిన్‌గా కనిపించిన దాన్ని ఇంపోర్ట్ చేయించారు. వాల్యూమ్ డిగ్రేడెడ్‌గా తిరిగి వచ్చింది. కానీ ఆ క్షణంలో రాస్తూ ఉన్న ఒక డేటాబేస్ పాడైపోయింది, ముందు రాత్రి బ్యాకప్ నుంచి తేవాల్సి వచ్చింది. ఆ రోజు పొద్దుటి నుంచి అకౌంట్స్ విభాగం వాళ్లు ఎక్కించిన ఎంట్రీలన్నీ మళ్లీ టైపు చేశారు. నేను వాళ్ల పక్కన కూర్చుని ఓచర్లు చదివి వినిపించాను, సాయంత్రం ఏడయింది. అప్పటి నుంచి లొకేట్ లైటు చూడకుండా ఒక్క డిస్క్ కూడా తీయలేదు.

మీకు ఒకేసారి రెండు డిస్కులు పోయినట్టు కనిపిస్తే, రెండూ నిజంగా పాడయ్యాయని వెంటనే నమ్మకండి. లాగ్‌లో రెండిటి సమయాలూ చూడండి. ఒకే సెకనులో పోయి ఉంటే అనుమానించాల్సింది బ్యాక్‌ప్లేన్ (డిస్కులు వెనక గుచ్చుకునే బోర్డు), కేబుల్, కంట్రోలర్ లేదా పవర్.

ఈ వారం అభ్యాసం: మీ దగ్గరున్న ఒక సర్వర్ తీసుకుని, స్లాట్ నంబరు, సీరియల్ నంబరు, మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్, ఎన్ని గంటలు పనిచేసింది, ఈ ఐదు వివరాలతో ప్రతి డిస్క్‌కీ ఒక వరుస రాయండి. ఒక్కో డిస్క్‌కీ లొకేట్ ఆన్ చేసి, ముందు వైపు బొమ్మ గీసి స్లాట్ నంబర్లు వేయండి. ఏ డిస్కూ తీయకండి. ప్యాట్రోల్ రీడ్ (కంట్రోలర్ డిస్కులని తానే చదివి చెడ్డ సెక్టార్లు వెతికే పని) ఆన్‌లో ఉందో లేదో, చివరిసారి ఎప్పుడు పూర్తయిందో కూడా చూసి రాసుకోండి. 5వ భాగంలో ఒక బ్యాకప్‌ని ఖాళీ సర్వర్ మీదికి తిరిగి తెచ్చి చూద్దాం.