రక్తం ఎక్కించే ముందు: వార్డు నర్సులకు జాగ్రత్తలు

• పేరు మనం చెప్పొద్దు, రోగి చేతే చెప్పించాలి. “సత్యనారాయణ గారేనాండీ?” అంటే కోనసీమలో ఎవరైనా “ఆయ్” అనేస్తారు. అన్నవరం దేవుడి పేరున్నవాళ్లు ఒక్క వార్డులోనే ముగ్గురుండొచ్చు. ఇంటిపేరుతో సహా చెప్పించి, చేతి పట్టీ మీది ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరుతో సరిచూడండి.

• బ్యాగు మీది గ్రూపు, యూనిట్ నంబరు, గడువు తేదీ ఇద్దరు నర్సులు మంచం పక్కనే పైకి చదవాలి. నర్సుల గదిలో టీ తాగుతూ చూసింది లెక్కలోకి రాదు.

• ఫ్రిజ్‌లోంచి తీశాక 30 నిమిషాల్లో మొదలెట్టాలి, 4 గంటల్లో పూర్తవాలి.

• మొదటి 15 నిమిషాలు పక్కనే ఉండండి. వణుకు, నడుంనొప్పి, ఆయాసం కనిపిస్తే రక్తం ఆపేసి, సెట్టు (రక్తం ఎక్కించే గొట్టం) మార్చి సెలైన్ పెట్టి, డాక్టరును పిలవండి. బ్యాగు పారేయొద్దు, బ్లడ్ బ్యాంకుకు పంపాలి.

• ఆఖరి నిమిషంలో దొరికిన పొరపాటునూ రిజిస్టరులో రాయండి: ఎవరిదని కాదు, ఎలా జరిగిందని.