తుపాను నెలల్లో ఆడకుక్కకు ఆపరేషన్: కుట్లు విప్పేదాకా జాగ్రత్తలు

ఫైలిన్ తుపాను 2013 అక్టోబర్ 12న తీరం దాటింది. హుద్‌హుద్ మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆడకుక్కకు గర్భసంచి, అండాశయాలు తీయించాలనుకునేవాళ్లు తేదీ ఖాయం చేసుకునే ముందు ఈ వరస ఒకసారి చూసుకోవాలి. ఆపరేషన్ గంటలో అయిపోతుంది. కుట్లు మానడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లోనే కరెంటు పోయి, రోడ్ల మీద చెట్లు పడి, డాక్టరు దగ్గరికి దారి లేకపోతే, మామూలప్పుడు రెండు ఇంజెక్షన్లతో తగ్గే చీము కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

తొందర లేనప్పుడు జనవరి నుంచి మార్చి మధ్యలోపు చేయించండి. గాలిలో తేమ తక్కువ, ఈగలు తక్కువ, ఎండ కూడా ముదరదు. దీనికి ఇంకో లెక్క ఉంది. మన నాటు కుక్కలు ఎక్కువగా వానలు తగ్గే రోజుల్లో ఎదకొస్తాయి. కార్తీకంలో వీధుల్లో గుంపులు కనిపించేది అందుకే. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచి రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, కోస్తే రక్తం ఎక్కువ పోతుంది. ఎద తగ్గాక రెండు మూడు నెలలు ఆగితే ఆ ఇబ్బంది ఉండదు. అక్టోబర్‌లో ఎదకొచ్చిన కుక్కకు ఎలాగూ జనవరే సరైన నెల.

గర్భసంచికి చీము పట్టినప్పుడు మాత్రం ఆగడానికి లేదు. ఎద అయిపోయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కుక్క అదేపనిగా నీళ్లు తాగుతూ, తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ ఉంటే అనుమానించాలి. కొన్నింటికి కింద నుంచి చీము కారుతుంది. కొన్నింటికి ఏమీ కారదు, కడుపు ఉబ్బుతుంది. ఇవే ఎక్కువ ప్రమాదం. అలాంటి కుక్కకు వానైనా తుపానైనా అదే రోజు చూపించాలి. తుపాను నెలల్లో ఆపరేషన్ తప్పనిసరయ్యేది ఎక్కువగా ఇందుకే. ఇంట్లో ఎక్కువ కనిపెట్టుకోవాల్సిందీ ఈ కుక్కలనే.

పండగ రోజులు కూడా లెక్కలోకి తీసుకోండి. టపాసుల మోతకు బెదిరి మంచం కిందికి దూరి, గోడ దూకి కుట్లు తెంపుకునే కుక్కలుంటాయి. దీపావళికి ముందు రెండు వారాల్లో ఆపరేషన్ పెట్టుకోవద్దు. విజయనగరంలో ఉండేవాళ్లు పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజునూ గుర్తుంచుకోవాలి. విజయదశమి తర్వాత వచ్చే ఆ మంగళవారం ఊరంతా జనమే, కుక్కను తీసుకుని ఆసుపత్రికి చేరడం కష్టం.

ఆపరేషన్‌కు ముందు

రక్తపరీక్ష చేయించకుండా ఒప్పుకోవద్దు. అందులో ప్లేట్‌లెట్ల సంఖ్య తప్పక అడగండి. మన దగ్గర గోమార్లు ఏడాది పొడవునా ఉంటాయి, వానాకాలంలో మరీ ఎక్కువ. వాటి వల్ల వచ్చే జ్వరం ప్లేట్‌లెట్లను తగ్గించేస్తుంది. పైకి కుక్క చలాకీగానే ఉంటుంది, కోసినప్పుడు రక్తం గడ్డకట్టదు. కుక్కకు మామూలుగా రెండు నుంచి ఐదు లక్షల దాకా ఉంటాయి. లక్ష కంటే తక్కువుంటే ముందు ఆ జ్వరానికి మందు వాడి, తర్వాతే ఆపరేషన్ పెట్టుకోవడం క్షేమం. గోమార్ల మందు, టీకాలు రెండు మూడు వారాల ముందే పూర్తి చేయండి. ఎలుక మూత్రం కలిసిన వాన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు వేసే టీకా ఉందో లేదో పుస్తకంలో చూసుకోండి.

ఎదిగిన కుక్కకు ముందు రోజు రాత్రి తిండితో సరి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. నీళ్లు ఎప్పటిదాకా పెట్టొచ్చో డాక్టరు చెప్పినట్టు చేయండి. చిన్న కుక్కపిల్లలను అంతసేపు పస్తు ఉంచకూడదు, రక్తంలో చక్కెర పడిపోతుంది.

ఇంకొక పని చేసి పెట్టుకోండి. కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే పెదవి పైకెత్తి చిగుళ్ల రంగు చూడండి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. చాలా నాటు కుక్కలకు చిగుళ్లు నల్లగా ఉంటాయి, వాటిలో రంగు తెలియదు. అప్పుడు కింది కనురెప్పను కాస్త లాగి లోపలి ఎర్రదనం చూసి గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ అయిన రాత్రి మీకు అక్కరకొచ్చేది ఈ గుర్తే.

ఇంట్లో ఉంచుకోవాల్సినవి: డిజిటల్ థర్మామీటరు, అరలీటరు సెలైన్ బాటిల్, గాజు గుడ్డ (గాయాలకు వాడే పలచని బట్ట), కుట్లు నాకకుండా మెడకు వేసే కోన్, రెండు మూడు పాత నూలు బనియన్లు, టార్చిలైటు, ఛార్జి నింపిన పవర్ బ్యాంకు. దూది వద్దు, పోగులు కుట్లకు పట్టుకుంటాయి.

మొదటి రెండు రోజులు

మత్తు పూర్తిగా దిగకముందు తిండి, నీళ్లు పెట్టకూడదు. తల తూలుతున్న కుక్కకు గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తల నిలిపి, నడవగలిగాక కొద్దికొద్దిగా నీళ్లు, గంట తర్వాత మామూలుగా తినేదాంట్లో సగం. ఉప్పు, కారం వేయని అన్నం, ఉడికించిన కోడిమాంసం, పలచని చోడి జావ చాలు. ఎముకలు, ఉల్లి, వెల్లుల్లి, ఎండు చేపలు వద్దు.

మత్తు వల్ల ఒంటి వేడి తగ్గుతుంది. వాన గాలి తగిలే వసారాలో, తడి గచ్చు మీద పడుకోబెట్టకండి. లోపలి గదిలో పొడి బొంత వేసి, పైన పాత చీర కప్పండి. గోనె సంచి వద్దు. పీచు కుట్లకు గుచ్చుకుంటుంది, చెమ్మ పట్టేస్తుంది. మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 103 దాటితే, లేదా 99 కంటే కిందికి పోయి కప్పినా పెరగకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి.

మూలుగు, వణుకు, ఒకటి రెండు రోజులు పొడి దగ్గు వస్తే కంగారు పడొద్దు. మూడు నాలుగు రోజులు దొడ్డికి రాకపోయినా ఫరవాలేదు. మూత్రం మాత్రం 24 గంటల్లో రావాలి. ముక్కుతూ రాకపోతే, వాంతులు కూడా ఉంటే, ఆలస్యం చేయొద్దు.

ఈ రెండు రోజుల్లో అసలు భయపడాల్సింది లోపల రక్తం కారడానికి. కుట్ల దగ్గర ఒక చుక్క కూడా కనిపించకుండానే కడుపులో రక్తం నిండొచ్చు. చిగుళ్లు తెల్లబడటం, పాదాలు చల్లబడటం, ఆయాసం, కడుపు ఉబ్బడం, లేపినా లేవకపోవడం ఇందుకు గుర్తులు. మొదటి రాత్రి రెండు మూడు గంటలకోసారి చిగుళ్లు చూడండి. పాలిపోతున్నాయనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఎత్తేటప్పుడు ఒక చేయి రొమ్ము కింద, ఇంకొకటి తొడల వెనక పెట్టండి. కడుపు మీద ఒత్తిడి పడకూడదు. స్కూటరు మీద కాళ్ల మధ్య పెట్టుకుని తీసుకెళ్లొద్దు, ఆటో పిలవండి. పెద్ద కుక్కయితే దుప్పటిని డోలీలా పట్టుకుని ఇద్దరు మోయాలి.

నొప్పికి మన మందులు ఇవ్వొద్దు. ఇంట్లో ఉండే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి. డాక్టరు మెలాక్సికామ్ రాసిస్తే తిండి తిన్నాకే, చెప్పిన కొలతలోనే. నొప్పి తగ్గలేదని రెండోది వేయకూడదు. తిండి మానేసినా, వాంతులు, నల్లటి విరేచనం మొదలైనా ఆపి ఫోన్ చేయండి.

కుట్ల దగ్గర వాపు

రోజూ పొద్దున, సాయంత్రం చూడండి. పగటి వెలుగులో, ఒకే దూరం నుంచి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. వాపు పెరిగిందో లేదో రూపాయితో పోలిస్తే తెలుస్తుంది, డాక్టరుకు పంపడానికీ పనికొస్తుంది. పసుపు పచ్చటి టార్చి వెలుగులో ఎరుపు సరిగా తెలియదు.

అంచులు కలిసి ఉండి, కొద్దిగా గులాబీ రంగు, సన్నని గట్టి గీతలా తగులుతుంటే మానుతున్నట్టే. వాపు కనిపిస్తే అది మూడింటిలో ఏదో ఒకటి. మెత్తగా, నీళ్ల సంచిలా ఉండి, వేడి, నొప్పి లేకుండా, కుక్క బాగా తింటూ ఉంటే నీరు చేరిందన్నమాట. గెంతే కుక్కలకు మూడు నాలుగు రోజులకు వస్తుంది, రెండు మూడు వారాల్లో దానంతట అదే ఇంకిపోతుంది. సూదితో తీయడానికి ప్రయత్నిస్తే లోపలికి క్రిములు పోతాయి. రెండోది చీము: ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే కరవబోతుంది, వాసన వస్తుంది, జ్వరం ఉంటుంది. మూడోది, లోపలి పొర కుట్టు వదిలి కొవ్వో పేగో చర్మం కిందికి జారడం. పైకి ఇది నీటి వాపులాగే ఉంటుంది, దగ్గినా ముక్కినా పెరుగుతుంది. నీటి వాపుకూ దీనికీ తేడా ఇంట్లో తేల్చలేం. నొక్కి చూడొద్దు, అదే రోజు చూపించండి.

చర్మం కూడా విడిపోయి లోపలి భాగం బయటికొస్తే చేత్తో లోపలికి నెట్టకండి. శుభ్రమైన గాజు గుడ్డను సెలైన్‌తో తడిపి కప్పండి, పైన శుభ్రమైన తువ్వాలు వదులుగా చుట్టండి, కోన్ వేయండి, ఏమీ తినిపించకుండా బయల్దేరండి.

వీటిలో చాలావాటికి మొదలు నాకడమే. నాలుకతో కుక్క గాయాన్ని మాన్పుకుంటుందనే మాట ఈ కుట్లకు వర్తించదు. రాత్రి పది నిమిషాలు కోన్ తీస్తే కుట్టు ఊడుతుంది. కోన్ అంచు ముక్కు కంటే అంగుళం రెండు అంగుళాలు ముందుకుండాలి, మెడ దగ్గర రెండు వేళ్లు దూరాలి. కోన్ అసలు పడనివ్వని కుక్కకు బనియన్ తొడిగి, తోక పైన ముడి వేయండి. మూత్రం తగలకుండా కింది అంచు పైకి మడవండి. తడిసిన బనియన్ ఏమీ వేయకపోవడం కంటే చెడ్డది, వెంటనే మార్చండి. ఎండ లేని రోజుల్లో ఇస్త్రీ చేసి ఆరబెట్టండి.

పసుపు ముద్ద, వేపనూనె, బూడిద, స్పిరిట్, డెటాల్ ఏవీ కుట్లకు రాయొద్దు. పసుపు మీద మనకు ఎంత నమ్మకమున్నా, ఆ ముద్ద కింద చెమ్మ నిలిచి చీము పడుతుంది, అడుగున ఏం జరుగుతోందో కనిపించదు. మురికి అంటితే సెలైన్‌తో తడిపిన గాజు గుడ్డతో అద్ది, పొడిగా ఆరనివ్వండి. కుట్లు విప్పేదాకా స్నానం లేదు. వానలో తడిస్తే రుద్దకుండా అద్ది, ఫ్యాను కింద ఉంచండి. మూత్రానికి వాన తెరిపిచ్చినప్పుడు గొలుసు వేసి ఐదు నిమిషాలు తిప్పి తీసుకొచ్చేయండి. వరద నీటిలో అడుగు పెట్టనివ్వద్దు.

పురుగు పట్టడం

వానాకాలంలో తడి గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులవుతాయి. గాయం అంచున తెల్లని బియ్యపు నూకలాంటివి అంటుకుని ఉంటే అవే గుడ్లు. చీము వాసన, కుక్క అస్తమానం వెనక్కి తిరిగి చూసుకోవడం, కుట్ల మధ్య చిన్న రంధ్రం కనిపిస్తే అనుమానించండి. కిరోసిన్, టర్పెంటైన్, ఫినాయిల్ పోయొద్దు. పశువుల గోమార్లకు వాడే మందును కూడా గాయంలో పోయకూడదు, నాకినా రక్తంలోకి ఇంకినా విషమే. పురుగులను డాక్టరే తీయాలి, కడుపు గోడకు ఎంత లోతుగా పోయాయో చూడాలి. పగలు కుక్కను దోమతెర కింద ఉంచి, మలమూత్రాలు వెంటనే తీసేస్తే ఈగ దగ్గరికి రావడం చాలావరకు తగ్గుతుంది.

తుపాను హెచ్చరిక వస్తే

కుట్లు ఇంకా ఉన్నాయంటే, గాలి మొదలవకముందే ఒకసారి డాక్టరుకు చూపించి, వారానికి సరిపడా మందులు తెచ్చుకోండి. నాగావళికో వంశధారకో అవతల మీ డాక్టరుంటే, ఇవతల వైపు ఎవరున్నారో ముందే కనుక్కోండి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, విజయనగరం వైపువాళ్లకు అదొక దారి. 1962 నంబరు పశువుల అంబులెన్సుది. అవి ప్రధానంగా పశువుల కోసం కాబట్టి, కుక్కకు వస్తారో లేదో మామూలు రోజునే అడిగి ఉంచుకోండి.

ఆశ్రయ కేంద్రానికి వెళ్లాల్సొస్తే కోన్, గొలుసు, మందులు, టీకాల పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టుకుని తీసుకెళ్లండి. గాలి హోరులో కుక్కను పెరట్లో కట్టేసి వెళ్లొద్దు. దారులు మూసుకుపోయి వాపు కనిపిస్తే కుక్కను చిన్న గదిలో కదలకుండా ఉంచి, వేడి, చిగుళ్ల రంగు, తిన్నదీ తాగిందీ కాగితం మీద రాసి ఫోన్‌లో చెప్పండి. పాత మందుల్లో మిగిలిన యాంటీబయాటిక్ సొంతంగా మొదలుపెట్టొద్దు.

కుట్లు విప్పాక

పది నుంచి పద్నాలుగు రోజులకు డాక్టరే విప్పుతారు. ఆ రోజు నుంచి ఇంకో వారం మెట్లు, మంచం మీదికి దూకడం వద్దు, కింది పొర ఇంకా పూర్తిగా గట్టిపడదు. రొమ్ములు ఉబ్బి పాలు కనిపిస్తే పిండకండి, పిండేకొద్దీ వస్తాయి. ఆపరేషన్ తర్వాత ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది కాబట్టి, కుట్లు మానాక తిండిలో నాలుగో వంతు తగ్గించి నెలకోసారి బరువు చూడండి. నెలల తర్వాత మళ్లీ ఎదకొచ్చినట్టు రక్తపు చుక్కలు పడితే అండాశయపు ముక్క లోపల మిగిలిందేమో చూడాలి, స్కాన్ చేయించండి. కొన్ని కుక్కలు పడుకున్న చోట మూత్రం కారిపోతుంటుంది. అది చెడ్డ అలవాటని కొట్టొద్దు, హార్మోను తగ్గడం వల్ల కండరం వదులవుతుంది, దానికి మందులున్నాయి.