డయల్-అప్ కనెక్షన్ కుదరనప్పుడు లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

డయల్-అప్ అంటే మోడెమ్ అనే పరికరంతో టెలిఫోన్ లైన్ మీద నంబరు తిప్పి ఇంటర్నెట్‌ను అందుకునే పాత పద్ధతి. అది రానప్పుడు చాలామంది ముందుగా కంప్యూటర్‌నే అనుమానించేవారు. పిలిచిన మెకానిక్ కూడా విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, డబ్బు తీసుకొని వెళ్లేవాడు. నిజానికి ఈ కనెక్షన్‌కు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం టెలిఫోన్ తీగలోనే ఉంటాయి కాబట్టి పరీక్షను కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఇక్కడ చెప్పేవి విండోస్ 98, విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్లకు, మామూలు ల్యాండ్‌లైన్ ఉన్న ఇళ్లకు వర్తిస్తాయి.

మోడెమ్‌కు వచ్చే తీగను ఊడదీసి, దాన్నే ఒక సాధారణ ఫోనుకు తగిలించి రిసీవర్ ఎత్తండి. డయల్ టోన్ వినిపించినంత మాత్రాన లైన్ బాగున్నట్టు కాదు. ఏదైనా ఒక అంకె నొక్కితే టోన్ ఆగి కొన్ని క్షణాలు నిశ్శబ్దంగా ఉంటుంది; గరగర, హోరు, పక్కవారి మాటలు ఉంటే ఆ నిశ్శబ్దంలోనే బయటపడతాయి. మనుషులు సర్దుకొని మాట్లాడుకోగలిగిన గరగర కూడా మోడెమ్‌ను నిలవనివ్వదు. అటువంటి శబ్దం ఉంటే ఇంట్లోని ప్యారలల్ ఫోన్లన్నీ తీసేసి, లైన్ ఇంట్లోకి వచ్చే రోసెట్ పెట్టె దగ్గరే నేరుగా ఒక ఫోను పెట్టి మళ్లీ వినాలి. అక్కడ శుభ్రంగా ఉంటే లోపం మీ ఇంటి వైరింగ్‌లో ఉన్నట్టే. తుప్పు పట్టిన స్క్రూలు, చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు, కరెంటు తీగలను ఆనుకొని పోయే పొడవాటి బల్లపరుపు ఫోన్ తీగ ఇందుకు సాధారణ కారణాలు. రోసెట్ దగ్గర కూడా గరగర ఉంటే, ముఖ్యంగా వానాకాలంలో, బయటి కేబుల్ అతుకుల్లోకి నీరు చేరి ఉండవచ్చు. అది లైన్‌మన్ పని. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఇంటర్నెట్ రావడం లేదని కాక, మాటలో గరగర వస్తోందని చెప్పండి, ఎందుకంటే ఎక్స్ఛేంజి వారు పరీక్షించేది మాట వినబడే తీరునే.

లైన్ బాగుందని తేలాక కంప్యూటర్ చూపించే ఎర్రర్ నంబరును కాగితం మీద రాసుకోవాలి. 680 అంటే మోడెమ్‌కు డయల్ టోన్ అందలేదని అర్థం. మోడెమ్ వెనక రెండు సాకెట్లు ఉంటాయి. గోడ నుంచి వచ్చే తీగ ‘లైన్’ అని రాసి ఉన్న దాంట్లోనే ఉండాలి, ‘ఫోన్’ అన్నది టెలిఫోన్‌కు. తీగ సరిగ్గానే ఉండి, రిసీవర్‌లో టోన్ వినిపిస్తున్నా ఇదే ఎర్రర్ వస్తుంటే, మన ఎక్స్ఛేంజి టోన్‌ను మోడెమ్ గుర్తించడం లేదన్నమాట. మోడెమ్ ప్రాపర్టీస్‌లో డయల్ టోన్ కోసం ఆగమని చెప్పే గడిలో టిక్ తీసేస్తే సాధారణంగా సరిపోతుంది; లేదంటే అదనపు కమాండ్ల గడిలో ఎక్స్3 (X3) అని ఇవ్వాలి. అంకెలు తిప్పిన తర్వాత కూడా స్పీకర్‌లో డయల్ టోన్ మోగుతూనే ఉంటే మీ పాత ఎక్స్ఛేంజికి టోన్ డయలింగ్ (అంకెలను బీప్‌లుగా పంపే పద్ధతి) అర్థం కావడం లేదు, పల్స్‌కు (టకటకలుగా పంపే పద్ధతికి) మార్చండి.

676 అంటే అవతలి లైన్లు బిజీగా ఉన్నాయని మాత్రమే. రద్దీ తగ్గాక ప్రయత్నించడం తప్ప చేసేదేమీ లేదు. 678 వస్తే అవతలి కంప్యూటర్ జవాబివ్వలేదని అర్థం, కానీ చాలాసార్లు తప్పు నంబరు తిప్పడమే అసలు కారణం. విండోస్‌లో ప్రాంతం అమెరికాగా ఉండిపోతే మన దేశంలో అప్పట్లో 172తో మొదలైన ఇంటర్నెట్ సర్వీసు నంబరుకు ముందు అది తనంతట తానే 1, ఏరియా కోడ్ చేర్చేస్తుంది. డయలింగ్ రూల్స్ వాడవద్దని చెబితే ఆ బెడద ఉండదు. ఇంటర్‌కామ్ ఉండి బయటి లైన్ కోసం 0 నొక్కాల్సిన చోట, ఆ 0 తర్వాత ఒక కామా పెట్టాలి. కామా వల్ల మోడెమ్ మామూలుగా 2 సెకన్లు ఆగుతుంది. మీరు పెట్టని విదేశీ నంబరు ఏదైనా ఆ నంబరు గడిలో కనిపిస్తే అది డయలర్ వైరస్ (మీకు తెలియకుండా నంబర్లు తిప్పే ప్రోగ్రామ్) పని. వెంటనే తీగ పీకేయండి, లేకుంటే ఐఎస్‌డీ బిల్లు మీ మీద పడుతుంది.

మోడెమ్‌ల కీచుమోత అంతా ముగిశాక 691 వస్తే యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ ఒప్పుకోలేదన్నమాట. క్యాప్స్ లాక్ చూడండి, ఆ తర్వాత ప్యాకేజీలో గంటలు మిగిలి ఉన్నాయో, గడువు దాటిపోయిందో కనుక్కోండి. 633 వస్తే మోడెమ్ పోర్టును ఫ్యాక్స్ ప్రోగ్రామో, సరిగ్గా తెగని పాత కనెక్షనో పట్టుకొని ఉంటుంది; కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ప్రారంభిస్తే విడిచిపెడుతుంది. 692 మాత్రం పరికరం లోపానికి సూచన. కంట్రోల్ ప్యానెల్‌లోని మోడెమ్ డయాగ్నస్టిక్స్‌లో పలకరిస్తే మోడెమ్ బదులివ్వకపోతే డ్రైవర్ మళ్లీ వేసి చూడాలి. అంతకుముందు రాత్రి పిడుగులు పడి ఉంటే మోడెమ్ కాలిపోయిందేమోనని కూడా అనుమానించాలి. పాత కంప్యూటర్లలో మౌస్ కామ్1 అనే పోర్టులో, మోడెమ్ కామ్3లో ఉంటే రెండూ ఐఆర్‌క్యూ 4నే (ప్రాసెసర్‌ను పిలిచే ఒకే దారిని) పంచుకొని పోట్లాడుకుంటాయి.

కనెక్షన్ కుదిరి మధ్యలో తెగిపోవడం మరింత విసిగించే సమస్య. మరో గదిలో ఎవరైనా ప్యారలల్ ఫోను ఎత్తారా, కాల్ వెయిటింగ్ ఉందా అన్నవి మొదట చూడాలి. కాల్ వెయిటింగ్ బీప్‌కే కొన్ని మోడెమ్‌లు లైన్ వదిలేస్తాయి. క్యారియర్, అంటే అవతలి మోడెమ్ నుంచి వచ్చే సంకేతం, పోయాక ఎంతసేపు ఓపిక పట్టాలో మోడెమ్‌లోని ఎస్10 (S10) అనే రిజిస్టర్ (ఒక అమరిక) నిర్ణయిస్తుంది. చాలా మోడెమ్‌లలో అది 14, అంటే 1.4 సెకన్లు. దాన్ని 50 చేస్తే చిన్న అంతరాయాలను తట్టుకుంటుంది. ఇవేవీ కారణం కాకపోతే నేను సూచించేది వేగం తగ్గించుకోవడం. సెకనుకు 56 కిలోబిట్లనేది శుభ్రమైన లైన్ మీద, అదీ మనవైపు వచ్చే సమాచారానికి మాత్రమే వర్తించే పైహద్దు. గరగర ఉన్న లైన్ మీద దాని కోసం పాకులాడే మోడెమ్ పదేపదే తెగిపోతుంది. మోడెమ్‌తో వచ్చిన పుస్తకంలో చూసి దాన్ని వి.34 పద్ధతికి, అంటే 33.6 కిలోబిట్లకు పరిమితం చేస్తే గంటసేపు నిలకడగా పనిచేసే అవకాశం పెరుగుతుంది. సెకనుకు 4 కిలోబైట్లకు కొంచెం అటూ ఇటూగా ఫైళ్లు దిగుతుంటే అది లోపం కాదు, ఆ వేగానికి తగినదే.

కనెక్షన్ ఉన్నా పేజీలు తెరుచుకోకపోతే బ్రౌజర్‌లో ఎవరో పెట్టి మరచిన ప్రాక్సీని (మధ్యవర్తి సర్వర్ చిరునామాను) తీసేయండి. అంకెల ఐపీ చిరునామాకు పింగ్ (అవతలి కంప్యూటర్ బదులిస్తుందో లేదో చూసే కమాండ్) వెళ్లి సైటు పేరుకు మాత్రం వెళ్లకపోతే, పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌ను ఆటోమేటిక్‌గా తీసుకోమని మార్చండి. ఇంత చేసినా తేలకపోతే మోడెమ్‌ను పక్కింటి లైన్ మీద ఒకసారి, పక్కింటివారి మోడెమ్‌ను మీ లైన్ మీద ఒకసారి పెట్టి చూస్తే, పిలవాల్సింది లైన్‌మన్‌నా, మెకానిక్‌నా అన్నది తెలిసిపోతుంది. రెండు చోట్లా బాగానే పలికి మీ అకౌంటుతో మాత్రం కుదరకపోతే సర్వీసు ఇచ్చేవారికే ఆ ఎర్రర్ నంబరు చెప్పి ఫిర్యాదు చేయాలి.