ముక్కులోంచి మెదడు నీరు కారుతుంటే: ఆపరేషన్‌కి ముందూ తర్వాతా మన పని

ఎనిమిది నెలలు నా ఎడమ ముక్కు కారింది. ఎలర్జీ అనుకొని మాత్రలు మింగాను. బూటు లేసు కట్టుకోడానికి వంగితే చాలు, టప్‌మని నేల మీద చుక్క. గొంతులోకి దిగితే ఉప్పగా ఉండేది. చీమిడి అంటిన రుమాలు ఆరాక అట్టకడుతుంది. నాది మెత్తగానే ఉండేది.

ఒక పక్కనుంచే ఇలా నీళ్లలా కారుతుంటే ఈఎన్‌టీ డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. ఆ నీరు బయటికొచ్చే దారినే క్రిములు లోపలికెళ్లి మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరల వాపు) తేగలవు. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం కలిసి వస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

అనుమానం తీరేది బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షతో. అది మెదడు నీటిలో ఉండే, మామూలు చీమిడిలో ఉండని ఒక ప్రొటీన్. దానికి నీరు మనమే పట్టివ్వాలి. ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన డబ్బా ముక్కు కింద పెట్టుకొని, కూర్చుని తల ముందుకు వంచండి. దూదితో అద్దొద్దు. నాకు ఒక మిల్లీలీటరు నిండడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత సీటీ, ఎమ్మారై తీసి నీరు కారే రంధ్రం ఎక్కడుందో చూస్తారు.

ఆపరేషన్‌లో ముఖం మీద కోత ఉండదు. ముక్కులోంచే ఎండోస్కోప్ (కెమెరా ఉన్న సన్నటి గొట్టం) పంపి, రంధ్రాన్ని పొరలు పొరలుగా మూస్తారు. నాకు తొడ నుంచి తీసిన పొర వేసి, పైన ముక్కు లోపలి పొరనే తిప్పి కప్పారు. నిజం చెప్పాలంటే ముక్కు కన్నా తొడే ఎక్కువ నొప్పెట్టింది.

అసలు కష్టం ఆ తర్వాతే. ఆ అతుకు కుదురుకునే వారాల్లో తల లోపల ఒత్తిడి పెరగకూడదు. ముక్కు చీదొద్దు. తల ఎత్తులో పెట్టి పడుకోండి. వంగొద్దు, బరువులెత్తొద్దు. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే ఒత్తిడి సూటిగా తలకే వెళ్తుంది. విరేచనం సాఫీగా అయ్యే మందు ముందే అడగండి. తుమ్ముకి నేను భయపడినంత దేనికీ భయపడలేదు. ఐదో రాత్రి తుమ్ము వచ్చేసింది. నోరు బార్లా తెరిచి, గాలంతా నోట్లోంచే వదిలేశాను. ఆపుకోవడమే ప్రమాదం. ఇది ఇంట్లో ముందే అలవాటు చేసుకోండి.

కొందరికి దెబ్బేమీ తగలకుండానే, తల లోపలి ఒత్తిడి ఎక్కువై రంధ్రం పడుతుంది. అలాంటివాళ్లు ఒత్తిడి తగ్గే మందు, బరువు తగ్గడం, కంటి పరీక్ష వదలకూడదు. లేకపోతే అతుకు మళ్లీ ఊడొచ్చు.

మొదటి రోజుల్లో రక్తం కలిసిన చీమిడి కొంచెం రావడం మామూలే. పల్చటి నీళ్లు మళ్లీ కారినా, గొంతులో ఉప్పగా తగిలినా టెన్షన్‌తో ముక్కు నొక్కుకోకండి. టైమ్ రాసుకొని, వీలైతే చుక్కల్ని డబ్బాలో పట్టి, ఆ రోజే సర్జన్‌కి చూపించండి. పట్టడానికి మాత్రం ఈసారి వంగొద్దు, కారింది కారినట్టే పట్టండి.